ఒక్క జట్టుకే చేపలు

ఆ ఏడాది వేసవంతా వానే.

చేపలు రాకపోవడం కాదు. ఎప్పటిలాగే వచ్చాయి. వల లాగుతుంటే బరువుకి అరచేతులు కోసుకుపోయేవి. రానిది ఎండ. చీల్చి దండేల మీద ఆరేసిన సాల్మన్ చేపలు ఆరకుండానే మెత్తబడి ముద్దలుగా కిందికి జారిపోయాయి. దండేల కింద పొగపెట్టాం. కట్టె కూడా తడిసి ఉండటంతో కళ్ళు మండాయే తప్ప చేప ఎండలేదు. ఆగస్టు ఆఖరికి నేనూ వదినా కలిసి, శీతాకాలానికి తిండి దాచే మంచె మీదికి ఎక్కించినవి, మామూలుగా ఎక్కించేవాటిలో మూడోవంతు కూడా లేవు.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ కుక్కలకి తిండి పెట్టేది నేనే. మా ఇంట్లో ఆ ఏడాది మంచుబండి లాగే జట్లు రెండు ఉన్నాయి. నాన్నవి ఏడు, సవిక్ అన్నయ్యవి ఎనిమిది.

నాన్నవి మా వాళ్ళ కుక్కలు. తెల్లవాళ్ళు మమ్మల్ని పిలిచే పేరుతోనే వాటినీ మాలమ్యూట్లనేవాళ్ళు. పెద్ద తల, అరచెయ్యంత పాదం, రొమ్ము చూస్తే తలుపులా ఉండేది. మా నాయనమ్మ చిన్నతనంలో ఒక ఆకలి శీతాకాలం వస్తే, ఊరి సామానంతా తీరం వెంట లాగుకొచ్చి ఈ ఇసుకతిన్నె మీద దింపింది వాటి తాతలేనని నాన్న చెప్పేవాడు. అన్నయ్యవి జలసంధి అవతలినుంచి, సైబీరియా వైపునుంచి పడవలో వచ్చినవి. అన్నయ్య నోమ్‌లో రెండేళ్ళు బంగారు తవ్వకాల దగ్గర పనిచేసి, వాటిని తోలుకుంటూ ఇంటికొచ్చాడు. సన్నటి కాళ్ళు, నక్క మొహాలు. ముందు నడిచే ఆడకుక్కకి ఒక కన్ను నీలం. నీలికన్ను అనే పిలిచేవాళ్ళం. వాటితోనే అన్నయ్య తపాలా సంచులు మోసే పని సంపాదించాడు. ఇంట్లోకి పిండీ, టీ, తూటాలూ ఆ పనివల్లే వచ్చేవి.

మంచె దిగి వచ్చిన రోజు తిండి దగ్గర నాన్న అడిగాడు. ఆయన పేరు ఉక్పిక్. ఊళ్ళో అందరికన్నా భారీ మనిషి.

"ఎన్ని ఉన్నాయి?"

"ఒక జట్టుకి వస్తాయి నాన్నా. రెంటికీ రావు."

అన్నయ్య సీల్ మాంసం ముక్క కోస్తూ తలెత్తకుండా అన్నాడు, "నా ఎనిమిదీ కలిసి తినేది నీవి నాలుగు తినేస్తాయి."

"నాది ఒక్కటి లాగే బరువు నీ ఎలుకలు మూడు కలిసినా లాగలేవు."

"లాగడానికేముంది ఈ ఏడాది? ఉన్నదంతా వానలో కుళ్ళిపోయె."

"కట్టె ఎవడు లాగుతాడు? తపాలా సంచి పొయ్యిలో పెట్టుకుంటావా?"

వదిన అస్యాక్‌కి అప్పుడు నాలుగో నెల. "కుక్కలు కూడా తినేటప్పుడు ఇంత గొడవ చెయ్యవు," అంది. ఇద్దరూ ఆగారు.

నాన్న గిన్నె పక్కన పెట్టి, గడ్డంతో నన్ను చూపించాడు. "పెట్టే చెయ్యి దానిది. ఏది ఏపాటి తింటుందో, ఏది ఏపాటి లాగుతుందో దానికే తెలుసు. ఊరి ముందు పాయ గడ్డకట్టేలోపల అదే చెప్పనీ."

"చెప్పనీ," అన్నాడు అన్నయ్య. "ఏం చెప్పినా నేను కాదనను."

ఆ బరువు నా మీద పెట్టి ఇద్దరూ తేలికపడ్డారు.

తేలనిది లెక్క కాదు. చేపల లెక్క చూస్తే చిన్నవాటివైపే. కానీ శీతాకాలం అంటే చేపలొక్కటే కాదు. కట్టె తేవాలి, తాగడానికి మంచుగడ్డలు తేవాలి, కొట్టిన సీల్‌ని ఇంటికి లాగాలి. ఫిబ్రవరి మంచులో దారి చెయ్యాలి. ఉంచనివి ఏమవుతాయో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనిలేదు. తిండి లేని కుక్కని కట్టేసి ఉంచే పాపం మా ఊళ్ళో ఎవరూ చెయ్యరు.

అక్టోబరులో తొలిమంచు పడగానే సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగల కోసం రెండు జట్లూ కట్టుకుని వెళ్ళాం. అన్నయ్య ఒక బండి కట్టె ఇంట్లో దింపి మళ్ళీ వచ్చేసరికి మేమింకా మొదటి బండే నింపుతున్నాం. వాటికి పరుగంటే ఆట. ఆపితే ఏడుస్తాయి. "చూస్తున్నావా?" అన్నట్టు అన్నయ్య నావైపు చూశాడు. ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయి, గడ్డకట్టిన పెద్ద దుంగ ఒకటుంది. అన్నయ్య తన ఎనిమిదింటినీ దానికి కట్టాడు. అవి ఎగిరాయి, గెంతాయి, మొరిగాయి. దుంగ కదల్లేదు. వాటిని విప్పాక నాన్న తన ఏడింటినీ కట్టాడు. ఒక్కమాటే అన్నాడు. అవి తలలు కిందికి దించి, చప్పుడు లేకుండా, పొట్ట నేలకి తగిలేంత వంగి లాగాయి. ముందున్న ముసలి కుక్క, దాన్ని ముసలాయన అనే పిలిచేవాళ్ళం, వెనక్కి చూడనైనా చూడలేదు. దుంగ చిట్లిన చప్పుడు చేసి లేచింది.

నాన్న నావైపు చూడలేదు. అన్నయ్య చూసినట్టు ఆయన కూడా చూసి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

పాయ గడ్డకట్టింది. బండి మోసేంత మందం కూడా అయింది. నేను మాత్రం, "ఇంకా పల్చగానే ఉంది," అంటూ వచ్చాను. మంచు పగలగొట్టి నీళ్ళు తోడే గుంట దగ్గర పక్కింటి ఉయాగక్ పిన్ని పదిమందిలో అంది, "ఏమే మసూ, మొగుణ్ణి ఎంచుకోవడానికైనా ఇంత నాన్చవేమో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేశాను.

రోజూ మంచె ఎక్కేసరికి చేపల వరస ఇంకాస్త తగ్గి ఉండేది. రెండు జట్లకీ తగ్గించి పెట్టడం మొదలుపెట్టాను. చిన్నవి ఆ సగంతోనే తోక ముక్కు మీద కప్పుకుని ఉండలా పడుకునేవి. పొద్దున మంచు దులుపుకుని లేస్తే నిన్నటిలాగే ఉండేవి. నాన్నవి అలా కాదు. ముసలాయన నడుం మీద చెయ్యి వేస్తే, ఆ బొచ్చులోంచి ఎముక తగిలేది. అది నా చెయ్యి నాకేది. అడిగేది కాదు. అడిగి ఉంటే తిట్టేదాన్ని.

నా చేపలోంచి సగం కోటు చేతిలో దాచి దానికి పెట్టేదాన్ని. ఒకరోజు వదిన నా చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి లాగింది.

"నీ వాటా ఎటు పోతోంది?"

"తింటున్నానుగా."

"మొహం చూసుకున్నావా? ఒకరికి తక్కువ చెయ్యలేక నీ కడుపు కోసుకుంటున్నావు. ఇవాళ నీది. రేపు ఎవరిది? దీనిదా?" అని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. వదిన గొంతు పెంచలేదు. "చెప్పడానికి భయమైతే భయమని చెప్పు. ఇంకోళ్ళం చెబుతాం. ఇలా మాత్రం చెయ్యకు."

అప్పటికి పాయ గడ్డకట్టి నెలన్నర గడిచింది. నేను నోరు విప్పని ఆ నెలన్నరలో రెండు జట్లూ తిన్నాయి.

మర్నాడు నాన్న కుక్కల్ని బండికి కట్టే పట్టెడ కుడుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా. అన్నయ్యవి ఉంచుదాం."

ఆయన నరంతో పేనిన దారం బిగించి, పంటితో తెంపాడు. కుట్టు సరిగ్గా పడిందా అని వేలితో తడిమి చూశాడు.

"నీకు ముందే తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"నాకూ తెలుసు."

మళ్ళీ సూదిలో దారం ఎక్కించాడు. అన్నయ్య మూలనే ఉన్నాడు. సంతోషిస్తాడేమో అనుకున్నాను. బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే సీల్ నూనె కోసం ఎగువనుంచి తులుగాక్ బావ వచ్చాడు. మా మేనత్త కొడుకు. అత్తావాళ్ళు నది వెంట రెండు రోజుల దూరాన ఉంటారు. మంచుకింద వల వేసి తెల్లచేప పట్టుకుంటారు. వయసులో ఉన్న మూడు కుక్కల్ని తను తీసుకెళ్తానన్నాడు.

"కుక్కల్తోబాటు పిల్లని కూడా ఇచ్చెయ్యి మామా. ఒకే బండిలో పోతాం."

"తిండి తక్కువ తింటుందిగానీ మాట్లాడ్డానికి నెలన్నర పడుతుంది. ఆలోచించుకో," అన్నాడు నాన్న.

బావ నవ్వాడు. నాన్న నవ్వలేదు కానీ, ఆ వారంలో ఆయన నోట వచ్చిన పెద్దమాట అదే.

మిగిలినవి నాలుగు, అన్నీ వయసు మళ్ళినవి. మధ్యాహ్నం ఉన్న కాసింత వెలుతురులో నాన్న వాటిని ఇసుకతిన్నె చివరికి నడిపించుకెళ్ళాడు. అన్నయ్య, "నేను చేస్తాను," అంటే, "నావి," అన్నాడు. నేను వెనకే వెళ్ళాను. పెట్టిన చెయ్యి నాది కాబట్టి వెళ్ళాలనిపించింది. ఎనిమిది చేపలు తీసుకెళ్ళాను. తలా రెండు. ఆ శీతాకాలం మొదలయ్యాక అవి నిండా తిన్నది ఆ పూటే. చేప సంచి చూడగానే నాలుగూ నా చుట్టూ చేరాయి. తోకలు నా మోకాళ్ళకి కొట్టుకున్నాయి.

"తిననీ," అన్నాడు నాన్న, తుపాకీ మంచులో గుచ్చి నిలబెట్టి. "తొందరేం లేదు."

తిన్నాయి. నేను వెనక్కి తిరిగి ఊరివైపు నడిచాను. ఒకటి వినిపించింది. రెండోది, మూడోది వెంటవెంటనే. నాలుగోది రావడానికి చాలాసేపు పట్టింది.

తోళ్ళు ఆయనే వలిచి తెచ్చాడు. పుట్టబోయే బిడ్డకి పక్కబట్ట కుట్టమని వదినకిచ్చాడు.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు మంచు ఆగకుండా కురిసింది. తపాలా నిలిచిపోయింది. తపాలా లేకపోతే పిండి లేదు. మంచె మీద చేపలు చూస్తే పన్నెండు రోజులకి ఉన్నాయి. మిగతావి ఎక్కడికి పోయాయో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను నాన్చిన నెలన్నర అక్కడ ఖాళీగా కనబడుతోంది. అన్నయ్య రోజూ కాలినడకనే సముద్రపు మంచు అంచుకి వేటకి పోతున్నాడు. సీల్ దొరికితేనే దీపానికి నూనె, పాలిచ్చే వదినకి తిండి. అన్నయ్య ఊరు కదలడానికి లేదు.

"నేను అత్త దగ్గరికి వెళ్తాను," అన్నాను. "బండి నిండా చేప తెస్తాను."

"ఒక్కదానివా?" అన్నాడు అన్నయ్య.

"ఈ మంచులో నీ ఎలుకలు ఈదాల్సిందే," అని నాన్న లేచి, గోడకి వేలాడుతున్న మంచుచెప్పులు తీశాడు. మా వైపు దారిలేని మంచులో దిగబడకుండా కాళ్ళకి కట్టుకునే పొడుగాటి అల్లిక చెప్పులవి. "ముందు నడిచేవాడు కావాలి."

ఆయనకి అరవై దాటాయి. అన్నయ్య ఏదో అనబోయాడు. వదిన కళ్ళతోనే వద్దంది.

నది మీద గాలి గట్టిచేసిన చోట కుక్కలు బాగానే పోయాయి. మలుపులు మొదలయ్యాక మంచు మెత్తగా, లోతుగా ఉంది. ఎనిమిదీ రొమ్ముదాకా దిగబడ్డాయి. గెంతేవి, మునిగేవి, మళ్ళీ గెంతేవి. వాటికి బలం చాలకపోవడం కాదు, కాళ్ళు నేలకి అందకపోవడం. పది బారలు పోయేసరికి నీలికన్ను నాలుక బయటపెట్టి నావైపు తిరిగి చూసింది.

నాన్న ముందుకి నడిచాడు. అడుగు తర్వాత అడుగు మంచుని అణగదొక్కుకుంటూ మలుపు దాటి కనబడకుండా పోయేవాడు. అదే దారిలో తొక్కుకుంటూ వెనక్కి వచ్చేవాడు. మళ్ళీ తిరిగి ముందుకి. మూడుసార్లు తొక్కితేగానీ దారి గట్టిపడదు. అప్పుడు "పద" అనేవాడు. కుక్కలు ఆ ముక్క దూరం పోయేవి. నేను వెనకనుంచి బండి ఎత్తుతూ, తోస్తూ వచ్చేదాన్ని. మళ్ళీ ఆగి ఎదురుచూడటం. ఆయన మలుపు అవతల ఉన్నంతసేపూ నాకు ఒకటే దిగులు. చెవులు రిక్కించుకుని ఆ చెప్పుల చప్పుడు కోసం చూసేదాన్ని. ఒక్కోసారి చాలా ఆలస్యమయ్యేది. పిలుద్దామని నోరు తెరిచేసరికి మలుపులో ఆయన తల కనబడేది.

"నేను తొక్కుతాను నాన్నా. నువ్వు బండి పట్టుకో."

"నువ్వు తేలిక. నువ్వు తొక్కితే దారి పడదు."

"అలిసిపోయావు."

"ఎవరు, నేనా?"

కనుబొమల మీదా గడ్డం మీదా ఊపిరి గడ్డకట్టి మొహం సగమే కనబడుతోంది. ఆగలేక అన్నాను.

"పెద్దవి ఉండుంటే..."

"ఉండుంటే ఈపాటికి మనకి తినడానికి ఉండేది కాదు. నడు."

ఆ మాట కటువుగానే అన్నాడు. కానీ నవంబరునుంచీ నేను వినాలనుకున్న మాట అదే.

సాయంత్రం గట్టు కింద గుడారం వేశాం. కుక్కలకి తలా సగం చేప. మేమిద్దరం గడ్డకట్టిన చేప పలచగా చెక్కుకుని తిన్నాం. ఆయన రెండు ముక్కలు చెక్కి కత్తి నాకిచ్చేశాడు. మిగతాది నేనే చెక్కిచ్చాను. నీలికన్ను వచ్చి ఆయన వీపుకి ఆనుకుని ముడుచుకుంది. ఆయన పక్కకి నెట్టలేదు. అంత అలసట మరి.

రెండోరోజూ అంతే. పొద్దువాలేవేళకి అత్తావాళ్ళ పొగ కనబడింది.

అత్త ఇంటి పక్కన తెల్లచేపలు కట్టెల్లా పేర్చి ఉన్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. నాన్న చేపల వంక చూడలేదు. గొలుసుల దగ్గర మూడు పెద్ద కుక్కలు లేచి నిలబడ్డాయి. మొదట చప్పుడు చెయ్యలేదు. తర్వాత మూడూ ఒక్కసారే తల పైకెత్తి ఊళ వేశాయి. ఆయన మంచుచెప్పులైనా విప్పకుండా వాటి మధ్యకి వెళ్ళి కూలబడ్డాడు. అత్త గుమ్మంలోంచి, "లోపలికి రారా, గడ్డకట్టిపోతావు," అని రెండుసార్లు పిలిచింది. బావ నవ్వబోయి మానేశాడు.

పొద్దున బండి నింపాం. బావా నేనూ తాళ్ళు బిగిస్తుంటే నాన్న వచ్చి ప్రతి ముడినీ లాగి చూశాడు. ఆయన సంచి తేలేదు.

"నీ సంచేదీ?"

"అక్కకి వల లాగే మనుషులు చాలట్లేదు. వీడొక్కడే."

"ఎన్నాళ్ళు?"

"మంచు కరిగేదాకా."

"కరిగాక?"

"చేపలొస్తాయిగా. అప్పుడు చూద్దాం."

ఆ వేసవిలో నాన్న వచ్చాడు. మనవరాలిని ఎత్తుకున్నాడు, మాతోబాటు వలలు లాగాడు. ఆ ఏడు బాగా ఎండింది, మంచె నిండింది. మళ్ళీ పెద్ద కుక్కలు పెంచుకోమని అన్నయ్యే అడిగాడు. నాన్న తలూపాడు. చేపలు ఎండాక ఎగువకే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అంతే. ఇదంతా ఆ పొద్దున నాకు తెలీదు. అయినా ఎందుకో ఆయన కోటు చెయ్యి పట్టుకుని వదల్లేకపోయాను. ఆయనే వదిలించుకుని, బండి పిడి మీద నా రెండు చేతులూ పెట్టాడు.

"దారి గట్టిపడింది. ఇవి ఇవాళ ఎగురుతాయి. పట్టు మాత్రం వదలకు. పడిపోతే ఇవి నీకోసం ఆగవు." వెనక్కి అడుగేస్తూ అన్నాడు, "నావైతే ఆగేవి."

రాత్రి గాలి లేదు, కొత్తమంచు పడలేదు. ఆయన తొక్కిన దారి చలికి బిగుసుకుని రాయిలా అయింది. కుక్కలు నిజంగానే ఎగిరాయి. అంత బరువుతో బండి అలా పోతుందని నేననుకోలేదు. మలుపు తర్వాత మలుపు వెనక్కి పోతోంది. చెవుల్లో గాలి తప్ప ఏమీ లేదు.

మొదటి మలుపు దాటాక, పోయేటప్పుడు తలవంచుకుని బండి తోస్తూ గమనించనిది చూశాను. దారి పక్కన మంచులో ఒక గుంట. మనిషి కూర్చున్నంత గుంట. పక్కన చెయ్యి ఊనుకుని లేచిన గుర్తు. పది బారల తర్వాత ఇంకొకటి. ఆ వెంటనే ఇంకొకటి, దాంట్లో మోకాళ్ళ అచ్చులున్నాయి. నేను బండి దగ్గర నిలబడి చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించిన ప్రతి మలుపు అవతలా అవి ఉన్నాయి. అత్తావాళ్ళ ఇంటివైపు దగ్గర దగ్గరగా, మా ఇంటివైపు వస్తున్నకొద్దీ దూరం దూరంగా.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత నది వెడల్పయింది, కుక్కలకి ఊరి పొగ వాసన తగిలింది. ఇంకా వేగం అందుకున్నాయి. నాకు లెక్క అందలేదు.